పొడి పేర్లు: మొదటి ఏడంకములు ఎంతవరకు చాలును?

అంబర్‌పేటకును తార్నాకకును నడుమ పరచుకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో ఏ కళాశాల హాజరుపట్టీని తెరచి చూచినను, తెలుగువారి పేర్లకు సహజమైన యొక పొదుపు కంటబడును. ఇంటిపేరు ముందును, పెట్టినపేరు వెనుకను నిలుచుట మన సంప్రదాయము. ఆ ఇంటిపేరును నిండుగా వ్రాయుటకు పట్టీలోని గడి చాలదు గనుక దానిని ఒక్క పొడి అక్షరమునకు కుదించుట మన వాడుక. కొండపల్లివారి శ్రీనివాసరావును, కాట్రగడ్డవారి శ్రీనివాసరావును, కొల్లూరివారి శ్రీనివాసరావును ఆ గడిలో చేరగనే అందరును ‘కె. శ్రీనివాసరావు’లే యగుదురు. నలువదిమంది కూర్చుండు తరగతిలో దీనివలన వచ్చు చిక్కు స్వల్పము. అట్టివారు ఇద్దరు తారసపడినను అధ్యాపకుడు ముఖము చూచి గుర్తుపట్టును. పరీక్షల విభాగము యెదుటికి వేలకొలది విద్యార్థుల జాబితా వచ్చినప్పుడు మాత్రము ఆ పొడి అక్షరము నిరుపయోగమై, హాల్‌టికెట్ సంఖ్య యొక్కటే శరణ్యమగును. తరగతిగది నుండి పరీక్షల విభాగమునకు పోవునంతలో ఏ శ్రీనివాసరావు పేరును మారలేదు. మారినది ఆ పేరు నిలిచిన గుంపు యొక్క పరిమాణము.

కుదించిన పేరు చాలునా చాలదా అను ప్రశ్నకు సమాధానము ఆ పేరులో దొరకదు, దాని చుట్టును ఎందరున్నారను లెక్కలో దొరకును. ఈ సత్యము నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి ప్రతిదినము ఎదురగుచున్నది. వారు తమ వ్రాతల చరిత్రను భద్రపరచుటకు వాడెడి ‘గిట్’ అను సాధనము తన యధీనములోని ప్రతి వస్తువునకును నలువది అంకముల పేరు పెట్టును. మనుష్యులు అందులో మొదటి ఏడంకములు మాత్రమే పలికి, వ్రాసి, పనులు నడుపుకొందురు. ఆ ఏడంకములు ఎంతకాలము చాలును? చాలని దినము వచ్చినప్పుడు, ఒకే ఆద్యంకములను పంచుకొన్న వస్తువులను లక్షల నడుమనుండి ఏ విధముగా వెదకి పట్టవలెను? ఈ రెండు ప్రశ్నలును చిన్నవిగా దోచును గాని, వీని వెంట బోయినచో సంభావ్యతాశాస్త్రములోని మిక్కిలి రమణీయమైన ఘట్టములలో నొకటి మనకు ప్రత్యక్షమగును.

వస్తువే తన పేరు చెప్పుకొను పద్ధతి

ఒక ప్రోగ్రామును పదిమంది కలిసి నెలల తరబడి వ్రాయునప్పుడు, ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చిరో, ఆ మార్పునకు పూర్వరూప మెట్టిదో తెలిపెడి చరిత్ర యొకటి యుండి తీరవలెను. అట్టి చరిత్రను కాపాడు సాధనములను వర్షన్ కంట్రోల్ సాధనములందురు. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమును సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్, అదివరకు తమవారు వాడుచుండిన బిట్‌కీపర్ అను సాధనమును ఉచితముగా వాడుకొను సదుపాయము తొలగిపోయినందున, 2005 ఏప్రిల్ నెలలో గిట్‌ను వ్రాయ మొదలిడి, కొద్దిదినములలోనే దాని చరిత్రను దానిచేతనే భద్రపరపింపగలిగెను. అదే సంవత్సరము జూలై నుండి దాని పోషణభారమును జూనియో హమానో వహించుచున్నాడు.

గిట్ నడుపు భాండారమును వాడుకలో రిపాజిటరీ అందురు. అందులో నాలుగు జాతుల వస్తువులుండును: ఫైలులోని విషయమును మోయునది బ్లాబ్, ఒక ఫోల్డరులో ఏ యే ఫైళ్లు ఏ పేర్లతో నున్నవో చెప్పునది ట్రీ, ఒకానొక క్షణమున సమస్తమును ఎట్లుండెనో, ఎవరు ఎందులకు మార్చిరో చెప్పునది కమిట్, ఒక ఘట్టమునకు గుర్తుగా నిలుపునది ట్యాగ్. వీనిలో దేనికిని మనుష్యుడు పేరు పెట్టడు. వస్తువు యొక్క జాతిని, పరిమాణమును, విషయమును వరుసగా చేర్చి, షా-1 అను గణనప్రక్రియలో పోసినచో వెలువడు ఫలమే దాని పేరు. అమెరికా దేశపు ప్రమాణసంస్థ 1995లో ప్రకటించిన ఈ ప్రక్రియ, ఎంత పెద్ద విషయమునైనను 160 బిట్ల ముద్రగా మార్చును. సున్న మొదలు తొమ్మిది వరకు గల పది అంకెలను, ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను ఆరు అక్షరములను కలిపి పదునారు అంకములుగా గ్రహించి వ్రాసినచో ఆ ముద్ర నలువది అంకముల పొడవగును. దీనినే హాష్ అని పిలుతురు.

ఈ నామకరణములో రెండు విశేషములున్నవి. మొదటిది, విషయము ఒక్కటైనచో పేరును ఒక్కటే. తార్నాకలోని విద్యార్థి సృష్టించిన ఖాళీ ఫైలునకును, అమెరికాలోని డాలస్ నగరమున స్థిరపడిన తెలుగు ఇంజనీరు సృష్టించిన ఖాళీ ఫైలునకును గిట్ ఒకే పేరు పెట్టును. షా-1 వాడెడి భాండారములన్నిటను ఆ పేరు ‘ఇ69డిఇ29’ అని మొదలగును. వారిరువురును ఒకరినొకరు ఎరుగనక్కరలేదు, ఏ కార్యాలయములోను పేరు నమోదు చేయించుకొననక్కరలేదు. రెండవది, విషయము రవ్వంత మారినను పేరు సమూలముగా మారును. వెయ్యి పంక్తుల వ్రాతలో ఒక కామాను తొలగించినచో ముద్రలోని 160 బిట్లలో సుమారు సగము తారుమారగును. కావున రెండు వ్రాతలకు గల పోలిక వాని పేర్లలో లేశమైనను కనబడదు. ఏ పేరు ఎక్కడ పడునో చూచువానికి అది పాచికలు దొర్లించినట్లే యుండును.

నలువది అంకముల పేరును నోట పలుకుట ఎవరి తరమును గాదు. అందుచేత గిట్ మొదటినుండియు ఒక వెసులుబాటు కల్పించినది: భాండారములో మరి యే వస్తువునకును లేని యెడల, పేరులోని మొదటి కొన్ని అంకములు చెప్పినను చాలును. కనీసము నాలుగంకములైనను ఉండవలెనని నియమము. తాను చూపునప్పుడు ఏడంకములు చూపుట చిరకాలము దాని యాచారము. చెప్పిన ఆద్యంకములు ఇద్దరికి చెందినవైనచో గిట్ ఊహించి పొరపడదు. ఆ పొడి పేరు సందిగ్ధమని తెలిపి, అభ్యర్థుల జాబితాను ఎదుట నిలుపును. అడిగిన పని కమిట్‌కు మాత్రమే తగినదై, అభ్యర్థులలో కమిట్ ఒక్కటే యున్నచో దానినే గ్రహించునంతటి వివేకమును దానికి కలదు.

జతల లెక్క

ఏడంకములతో ఏర్పడు పేర్లు పదునారును ఏడు మారులు గుణించినన్ని, అనగా 26 కోట్ల 84 లక్షలకు పైన. భాండారములో ఇరువదివేల వస్తువులున్నచో, ఇన్ని కోట్ల గదులలో ఇరువదివేలమంది సుఖముగా వేరువేరుగా ఇముడుదురని సామాన్యబుద్ధికి తోచును. ఆ బుద్ధి ఇక్కడ పొరపడును.

ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల యొక్క గులాబివన్నె శిలాభవనము ప్రారంభింపబడిన 1939వ సంవత్సరముననే, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయమున ప్రవాసియై బోధించుచుండిన రిచర్డ్ వాన్ మీసెస్ అను గణితజ్ఞుడు ఒక వ్యాసమును ప్రకటించెను. నేడు పుట్టినరోజుల సమస్యగా లోకమెరిగిన విషయమునకు మూలస్థానముగా పేర్కొనబడు రచనలలో నది యొకటి. ఒక గదిలో ఎందరు చేరినచో, వారిలో ఏ ఇద్దరైనను ఒకే తేదీన పుట్టినవారగు అవకాశము సగమునకు మించునని ప్రశ్న. సంవత్సరమునకు 365 దినములు గదా యని నూటయెనుబదిమంది కావలెనని ఊహింతుము; నిజమునకు ఇరువదిముగ్గురు చాలుదురు. కారణమేమన, ఇక్కడ లెక్కింపవలసినది మనుష్యులను గాదు, మనుష్యుల జతలను. ఇరువదిముగ్గురిలో 253 జతలున్నవి. ప్రతి జతయు కలియుటకు ఒక అవకాశమే. మనుష్యులు రెండింతలైనచో జతలు సుమారు నాలుగింతలగును, పదింతలైనచో నూరింతలగును.

ఈ సూత్రమును గిట్ భాండారమునకు అన్వయింపుడు. వెయ్యి వస్తువులు గల చిన్న భాండారములో 4,99,500 జతలుండును. మొదటి నాలుగంకములు కలియు అవకాశము ప్రతి జతకును 65,536లో ఒక వంతు గనుక, అట్టి జతలు ఏడో ఎనిమిదో యుండునని ఎదురుచూడవలెను. కళాశాల ప్రాజెక్టు వ్రాయు విద్యార్థులు నాలుగంకములు కొట్టి చిక్కుపడుట దీనివలననే. ఏడంకముల విషయమున, వస్తువులు సుమారు 19,300 చేరునప్పటికి ఏదో ఒక జత కలిసియుండు అవకాశము సగమునకు వచ్చును. పదిలక్షల వస్తువులున్న భాండారములో జతలు దాదాపు 50,000 కోట్లు; వానిలో ఏడంకములు పంచుకొన్నవి ఇంచుమించు 1,860 జతలుండును, తొమ్మిదంకములు పంచుకొన్నవి సైతము ఏడు జతల వరకు ఉండును. ఇందులో ఎవరి దోషమును లేదు. హాష్ ప్రక్రియ తన ధర్మమును నిర్దుష్టముగా నెరవేర్చినందుననే ఈ కలయికలు ఈ సంఖ్యలో వచ్చుచున్నవి. రాకున్ననే అనుమానింపవలసి యుండును.

ఇక్కడ సులువుగా మరుగుపడు భేద మొకటి కలదు. నా చేతిలోనున్న ఒకానొక వస్తువు యొక్క ఏడంకములు భాండారములో మరొకదానితో కలియునా అని అడుగుట వేరు. భాండారము మొత్తములో ఏ రెండైనను కలియునా అని అడుగుట వేరు. పదిలక్షల వస్తువుల నడుమ మొదటి ప్రశ్నకు అవకాశము సుమారు 270లో ఒక వంతు. రెండవ ప్రశ్నకు సమాధానము నిశ్చయముగా అవునని. ఈ భేదము గిట్‌కే పరిమితమైనది గాదు. తార్నాక దాటి ఉప్పల్ మార్గమున పోవునప్పుడు కానవచ్చు కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రము, అనగా సీసీఎంబీలో, 1980వ దశకపు చివర లాల్‌జీ సింగ్ బృందము డీఎన్‌ఏ ముద్రల పద్ధతిని రూపొందించినది. డీఎన్‌ఏ ముద్రల విషయమునను ఈ భేదమే న్యాయస్థానములలో వివాదములకు కారణమైనది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు నేరస్థుల డీఎన్‌ఏ పట్టికలో 65,000 పైచిలుకు మనుష్యుల ముద్రలుండగా, పరీక్షించిన పదమూడు స్థానములలో తొమ్మిదింట కలిసిన జతలు 122 బయటపడెను. కోట్లలో ఒకరికి గాని కలియదని చెప్పబడుచుండిన పోలిక ఇన్ని జతలలో కనబడుట చూచి కొందరు కలతచెందిరి. అయితే ఆ పట్టికలో మనుష్యులు అరువదియైదువేలైనను జతలు 214 కోట్లు. అనుమానితుని ముద్రను నేరస్థలపు ముద్రతో పోల్చునప్పుడు లెక్కించునది ఒక్క జత. పట్టికను దానితోనే పోల్చునప్పుడు లెక్కించునవి కోట్ల జతలు.

ఈ లెక్కలన్నియు పేర్లు పక్షపాతము లేక సమముగా పరచుకొనునను భావనపై ఆధారపడియున్నవి. సమముగా పరచుట అను విషయమునకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రమును సాధించిన ఆయన, 1947లో లంబవ్యూహములనదగిన ఆర్తోగొనల్ అర్రేలను ప్రవేశపెట్టెను. పొలములలో జరుపు పరీక్షలకును, కర్మాగారములలోని ప్రయోగములకును ఉద్దేశింపబడిన ఆ వ్యూహములలో, ఏ రెండు నిలువువరుసలను తీసికొన్నను సాధ్యమైన ప్రతి కూర్పును సమానసంఖ్యలో కనబడును. 1979లో కార్టర్, వెగ్మన్ అను పరిశోధకులు ఏ విషయములు ఎదురైనను కలయికలు మితిమీరవని గణితపూర్వకముగా నిరూపింపదగిన హాష్ కుటుంబములను ప్రతిపాదించిరి. వానిలో పటిష్ఠమైన జాతికిని రావుగారి వ్యూహములకును స్వరూపమొక్కటేయని పిమ్మట తేలినది. షా-1 ఆ జాతికి చెందినది గాదు. అది యంత్రవేగమును, భద్రతను ఉద్దేశించి మలచినది. దాని సమత్వము నిరూపణచే గాక అనుభవముచే నమ్మబడుచున్నది. 2023 ఆగస్టులో నూటరెండేండ్ల వయసున పరమపదించిన ఆ మహనీయుని పేర హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములో నెలకొన్న సంస్థలో గూఢలిపిశాస్త్ర పరిశోధనయు జరుగుట ఈ సంబంధమునకు ఉచితముగా నున్నది.

ఇరుగుపొరుగుల పరిశీలన

ఇక వెదకుట యెట్లు? ఒక భాండారములో ఏ వస్తువులు ఎన్ని ఆద్యంకములు పంచుకొన్నవో తెలియవలెనన్నచో, ప్రతి పేరును తక్కిన ప్రతి పేరుతోను పోల్చుట మొదట తోచు మార్గము. పదిలక్షల వస్తువులకు అది 50,000 కోట్ల పోలికల పని. యంత్రమునకైనను అది వృథాశ్రమ. దానికంటె అత్యంత సులభమైన మార్గ మొకటి కలదు: పేర్లన్నిటిని అకారాదిక్రమమున నిలువుగా పేర్చి, ప్రతి పేరును దాని క్రిందిదానితో మాత్రము పోల్చి, ఎన్ని అంకముల వరకు కలిసినవో చూచుట.

ఇంత స్వల్పపరీక్షతో ఒక్క జతయు తప్పిపోదని ఎట్లు చెప్పగలము? క్రమములో దూరముగా నున్న రెండు పేర్లు మొదటి ఎనిమిదంకములు పంచుకొన్నవనుకొందము. ఆ రెండింటి నడుమ వచ్చు ఏ పేరైనను మొదటిదానికంటె వెనుకను, రెండవదానికంటె ముందును నిలిచినది గదా. దాని మొదటి ఎనిమిదంకములలో ఏ యొక్కటి భిన్నమైనను అది ఆ రెండింటి నడుమ ఇమడజాలక పైకో క్రిందికో తొలగిపోయి యుండెడిది. కావున నడుమనున్నవన్నియు ఆ ఎనిమిదంకములనే మోయుచుండును. అనగా ఏ వస్తువుతోనైనను అత్యధికముగా అంకములు పంచుకొన్నది దాని ఇరుగుననో పొరుగుననో తప్పక యుండును. క్రమబద్ధము చేయుటకు సుమారు రెండుకోట్ల పోలికలు, పిమ్మట ఇరుగుపొరుగుల పోలికలు పదిలక్షలకు ఒక్కటి తక్కువ. అంతటితో పని ముగియును. యాబదివేల కోట్ల శ్రమ రెండుకోట్లకు దిగివచ్చినది.

ఈ పరీక్షనుండియే మరొక ప్రయోజనము చేకూరును. ఒక వస్తువునకు ఏకార్థముగా చెల్లు అతిచిన్న పొడి పేరు ఎంత పొడవుండవలెనో తెలిసికొనుటకు, పైదానితో ఎన్ని అంకములు కలిసినవో, క్రిందిదానితో ఎన్ని కలిసినవో చూచి, వానిలో పెద్దసంఖ్యకు ఒకటి చేర్చిన చాలును. గిట్ తన పొడి పేర్లను సరిచూచుకొను మార్గమును ఇదియే. భాండారము మొత్తమునకు కావలసిన కనీసపు పొడవు, ఆ సంఖ్యలన్నిటిలో మిక్కిలి పెద్దది.

గిట్ యొక్క నిర్మాణమే ఈ వెదకులాటకు అనుకూలముగా నున్నది. క్రొత్తగా చేరిన విడి వస్తువులను అది పేరులోని మొదటి రెండంకముల చొప్పున 256 ఫోల్డరులలో సర్ది, మిగిలిన ముప్పదియెనిమిది అంకములను ఫైలు పేరుగా నుంచును. వస్తువులు పెరిగిన పిమ్మట వానిని ప్యాక్ అను పెద్దమూటగా కట్టి, దానికి తోడుగా ఒక సూచికను వ్రాయును. ఆ సూచికలో పేర్లన్నియు క్రమముగా నుండును. వాని ముందు 256 గడుల పట్టిక నిలిచి, మొదటి రెండంకములు ఇవియైనచో వరుసలో ఎక్కడినుండి ఎక్కడివరకు చూడవలెనో చెప్పును. పదిలక్షల పేర్లలో ఆ గడి చూపినంతనే సుమారు 3,900 మిగులును; వానిని సగము సగముగా త్రుంచుచు పోయినచో పండ్రెండు అడుగులలో కోరిన స్థానము చేరవచ్చును. అన్ని వస్తువుల పేర్లను వెలువరింపుమని ఆజ్ఞాపించునట్టి ఆదేశమును గిట్‌లో కలదు. మరొకవిధముగా కోరనిచో అది వానిని క్రమముగానే వెలువరించును. ఇట్టి ఆద్యంకములు గలవన్నియు చూపుమని అడుగు ఆదేశమును వేరుగా నున్నది. కావున ఉత్సుకత గల విద్యార్థి తన కళాశాల ప్రాజెక్టుపై ఈ పరీక్షను కొన్ని పంక్తుల ప్రోగ్రాముతో జరిపి, వచ్చిన జతల సంఖ్యను వాన్ మీసెస్ లెక్కతో పోల్చి చూడవచ్చును.

యాదృచ్ఛికము, ఉద్దేశపూర్వకము

ఇంతవరకు చెప్పినది యాదృచ్ఛికపు కలయికలను గూర్చి. బుద్ధిపూర్వకముగా కలుపదలచిన వాని విషయము వేరు. కమిట్ వ్రాతలో చివర ఖాళీలను అటునిటు మార్చుచు ప్రతిమారును హాష్ గణించుచు పోవు ప్రోగ్రాములున్నవి. ఎదుటివాని కమిట్ యొక్క ఏడంకములను తన కమిట్‌కు తెచ్చుకొనుటకు సగటున 26.8 కోట్ల ప్రయత్నములు కావలెను. నేటి సామాన్య కంప్యూటరునకు అది కొద్ది నిముషముల పని.

గూఢలిపి తాళపుచెవులను వాని ముద్రలోని ఎనిమిదంకములతో గుర్తించు అలవాటు పీజీపీ అను గూఢలిపి సాధనపు వాడుకరులలో నుండెను. 2014లో ఇద్దరు పరిశోధకులు, పరస్పర విశ్వాసపు వలయములోని ఇరువదినాలుగువేల తాళపుచెవులకు అవే ఎనిమిదంకములు గల నకళ్లను సృష్టించి, ఆ అలవాటు ఎంత అపాయకరమో ఋజువుచేసిరి. లినక్స్ భాండారములో 2005 ఏప్రిల్ 16న చేరిన ఆదిమ కమిట్ యొక్క పేరు ‘1డిఏ177ఇ4సి3ఎఫ్4’ అను పండ్రెండంకములతో మొదలగును. 2024 డిసెంబరులో కీస్ కుక్ అను లినక్స్ భద్రతానిపుణుడు, అవే పండ్రెండంకములతో మొదలగు మరొక కమిట్‌ను బుద్ధిపూర్వకముగా నిర్మించి చూపెను. ఎంచుకొన్న పండ్రెండంకములను తాకుటకు సగటున 281 లక్షల కోట్ల ప్రయత్నములు కావలెను. బొమ్మలు గీయుటకై నిర్మింపబడిన గ్రాఫిక్స్ చిప్పులు అట్టి గణనకును లొంగినవి. ఆయన యుద్దేశము ఎవరికిని హాని చేయుట గాదు. పొడి పేరునే నిశ్చితమని నమ్మి వ్రాయబడిన సాధనములు అట్టి సందర్భమున ఏమగునో ముందే తెలిసికొనుట.

పేరు మొత్తము కలియుట వీనికంటె వేరైన సంగతి. యాదృచ్ఛికముగా నలువది అంకములును కలియవలెనన్నచో 1,200 కోట్ల కోట్ల కోట్ల వస్తువులు చేరవలెను. అట్టి భాండారము భూమిపై సంభవింపదు. అయినను షా-1 యొక్క అంతర్నిర్మాణములోని లోపములను ఆధారముగా గొని, ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితసంస్థయు గూగుల్ సంస్థయు కలిసి, ఒకే షా-1 ముద్ర గల రెండు వేరువేరు పీడీఎఫ్ పత్రములను 2017 ఫిబ్రవరి 23న లోకము ముందుంచినవి. దానికి పట్టిన గణనలు సుమారు 92 వేల కోట్ల కోట్లు. ఆ పిమ్మట గిట్ అట్టి కుతంత్రపు జాడలను కనిపెట్టగల షా-1 రూపమును స్వీకరించినది. 2020 అక్టోబరులో వెలువడిన 2.29వ కూర్పులో షా-256 అను దృఢతరమైన ప్రక్రియకు ప్రయోగాత్మకముగా చోటిచ్చినది. అందులో నిండుపేరు అరువదినాలుగు అంకములు. అయితే ఆ పేరులోనుండి ఏడంకములు మాత్రము తీసి వాడువానికి ఆ దృఢత్వము కొంచెమును ఉపకరింపదు. ఏ ప్రక్రియనుండి వచ్చినను ఏడంకములు ఏడంకములే, వాని జతల లెక్కయు అదియే.

ఎన్ని అంకములు వ్రాయవలెను?

ఏడంకముల ఆచారము ఏర్పడిన నాటికి భాండారములు చిన్నవి. పదునొకండేండ్లు గడచునప్పటికి లినక్స్ భాండారము అర్ధకోటి వస్తువుల చాయలకు వచ్చి, పూర్వము నిస్సందిగ్ధముగా చెల్లిన పొడి పేర్లు ఒక్కొక్కటిగా సందిగ్ధములు కాజొచ్చెను. 2016 నవంబరులో వెలువడిన 2.11వ కూర్పునుండి గిట్ ఒక స్థిరసంఖ్యను విడనాడి, భాండారములో ఎన్ని వస్తువులున్నవో అంచనా వేసికొని, దానినిబట్టి పొడి పేరు పొడవును తానే నిర్ణయించుచున్నది. చిన్న భాండారములకు ఏడంకములే. వస్తువులు పదునారువేలు దాటిన పిమ్మట ఎనిమిది. అర్ధకోటికిని, కోటికిని పండ్రెండు. ఈ యేర్పాటులోని సూత్రమును నోటిలెక్కకు అందునట్లు చెప్పవచ్చును. వస్తువులు నాలుగింతలైనచో జతలు పదునారింతలగును. పేరునకు ఒక్క అంకము చేర్చినచో గదులును పదునారింతలగును. కావున భాండారము నాలుగింతలైనప్పుడెల్ల పొడి పేరునకు ఒక్క అంకము చేర్చిన చాలును.

తెరపై చూచి వెంటనే వాడుకొని మరచిపోవు పేరునకు ఈ సూత్రము సమగ్రముగా సరిపోవును. అయితే పేర్లు తెరపైననే నిలువవు. ఈ దోషము ఫలానా కమిట్‌లో పుట్టినదని మరొక కమిట్‌లో వ్రాయుదుము. పరిశోధనపత్రములో మా ఫలితములు ఫలానా కమిట్‌నుండి వచ్చినవని ప్రకటింతుము. ఉద్యోగము మారిపోవుచు తరువాతివాని కొరకు చీటీలో వ్రాసిపెట్టుదుము. ఈ వ్రాతలు నిలిచియుండగా భాండారము పెరుగుచునే యుండును. వ్రాసిన దినమున అద్వితీయముగా నున్న ఏడంకములు, చదువబడు దినమున ముగ్గురికి చెందవచ్చును. వ్రాసినవాడు సత్యమునే వ్రాసినను చదువరికి సందేహము మిగులును. కోటి వస్తువుల భాండారములో పండ్రెండంకములు కలిసిన జత యుండు అవకాశము నేడే ఆరింట ఒక వంతు చాయలనున్నది. రెండుకోట్లకు చేరునప్పటికి అది సగమగును.

అందుచేత లినక్స్ రచయితల నియమము అనుసరణీయముగా నున్నది. ఒక దోషమును దిద్దునప్పుడు, ఆ దోషమునకు మూలమైన కమిట్‌ను పేర్కొను పంక్తిలో కనీసము పండ్రెండంకములు వ్రాసి, వాని ప్రక్కన కుండలీకరణములలో ఆ కమిట్ యొక్క శీర్షికను కూడ పూర్తిగా వ్రాయవలెనని వారి శాసనము. అంకములు యంత్రమును కొద్దిమంది అభ్యర్థుల దగ్గరకు చేర్చును. ఇద్దరు మిగిలిననాడు శీర్షిక వారిలో ఒకరిని నిర్ణయించును. యంత్రములు చదువుకొను దస్తావేజులలో మాత్రము పొడి పేరును పూర్తిగా వర్జించి నలువది అంకములను యథాతథముగా నిలుపుట యుక్తము. యంత్రమునకు పలుకుట యందు అలసట లేదు, ముప్పదిమూడంకముల పొదుపువలన దానికి ఒనగూడు లాభమును లేదు. కళాశాలలో తొలి ప్రాజెక్టు మొదలిడు విద్యార్థి యీ యలవాటును ఆ దినముననే చేసికొన్నచో, అతని భాండారము పదిరెట్లు పెరిగినను, వందరెట్లు పెరిగినను, పాత వ్రాతలలో దిద్దవలసిన పేరొక్కటియు నుండదు.